మల్లవ్వ కోయని సొర

నాచారంలో దిగి సొర మల్లవ్వ ఇల్లెక్కడని అడిగితే ఆటోవాళ్లు కూడా దారి చూపిస్తారు. ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారు. సగం మంది తప్పే చెబుతారు, అదీ మహా ధీమాగా. నిజానికి అది ఒక పొరపాటుతో మొదలైంది.

రెండు వేల మూడులో సంగతి. మూతపడ్డ ఫ్యాక్టరీ గోడ పక్కన కత్తిపీట వేసుకుని మల్లవ్వ బొచ్చెలు, రవ్వలు లాంటి చెరువు చేపలు అమ్ముకునేది. ఆమెది జనగామ దగ్గర పల్లె. భర్త పోశయ్య ఇండస్ట్రియల్ ఏరియాలో హమాలీ. చెరువు చేపను ఎటునుంచి కోస్తే ముల్లు తేలుతుందో ఆమె చేతులకు తెలుసు గానీ, సముద్రం ఏ దిక్కున ఉంటుందో ఆమెకు తెలియదు. ఒక ఆదివారం హెచ్‌ఎంటీ నగర్ నుంచి కనకమహాలక్ష్మి అనే ఆవిడ వచ్చి నిలబడింది. విశాఖపట్నం జాలరి ఇంటి ఆడపడుచు. భర్త హబ్సిగూడ వైపు ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో టెక్నీషియన్.

"సొర ఉందేటమ్మా?" అని అడిగింది.

"సొర నా కాడెందుకుంటదమ్మా? గా మూల మీద కూరగాయలోల్లు కూసున్నరు సూడు, ఆళ్ల కాడ లేతది దొర్కుతది."

"బాలింతకమ్మా. మా అమ్మాయి ప్రజ్ఞకి పాలు పడలేదు."

"బాలింతకైతే ఇంకా మంచిది. పెసరపప్పేసి వండుకోపో."

తెలంగాణలో సొర అంటే కాయ, విశాఖలో సొర అంటే చేప. ఇద్దరూ తెలుగే మాట్లాడుతూ, ఎదుటి మనిషికి బుర్ర లేదని ఇద్దరూ అనుకుంటూ అయిదు నిమిషాలు గడిపారు. చివరికి కనకమహాలక్ష్మి చేతులు బార్లా చాపి, పళ్లు బయటపెట్టి చూపించేసరికి మల్లవ్వకు అర్థమైంది.

"అమ్మో, మనుషులను తినే చేపనా?"

"అది మనుషుల్ని తింటాదో లేదో నాకు తెలీదు. మనమైతే దాన్ని తింటాం" అంది కనకమహాలక్ష్మి. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వే స్నేహమైంది. వారం తిరిగేసరికి వాళ్లు అక్కా చెల్లెళ్లయ్యారు.

మల్లవ్వకు ఒక రోగం ఉంది. తెలియని పని ఎదురైతే నిద్ర పట్టదు. ఆ ఆదివారం మర్నాడు తెల్లారకముందే రాంనగర్ చేపల మార్కెట్టుకు పోయి, ఐసు పెట్టెల్లో వెతికి, మూరెడు పాలసొరలు రెండు పట్టుకొచ్చింది. తోలు గరుకు కాగితంలా ఉంది. కత్తి జారింది, వేలు తెగింది. కనకమహాలక్ష్మి పక్కన కూర్చుని నేర్పించింది. వేడినీళ్లు పోసి గీకాలి, ఉడికించి తోలు ఒలవాలి, ముల్లు లేని ఆ కండను పొడిపొడిగా చిదిమి ఎల్లిపాయ దట్టించి వేయించాలి. దాన్నే సొరపిట్టు అంటారు. బాలింత తింటే పాలు పడతాయని ఆ తీరంలో అందరికీ నమ్మకం.

ప్రజ్ఞకు పాలు పడ్డాయి. ఇక చెప్పాలా! మల్కాజిగిరి నుంచి, అంబర్‌పేట నుంచి, ఉప్పల్ కొత్త కాలనీల నుంచి బాలింతల తల్లులు మల్లవ్వ గోడ దగ్గరికి వచ్చేవాళ్లు. ఆమె చేప తూచే ముందే "ఎన్నో దినం?" అని అడిగేది. తల్లి నిద్రపోతోందా, బిడ్డ ఎంతసేపటికోసారి లేస్తోంది, అన్నీ అడిగి గానీ కత్తి పట్టేది కాదు. అడగడం ఆమెకు వారసత్వం. ఆమె తల్లి ఊళ్లో మంత్రసాని. పెళ్లయ్యేదాకా మల్లవ్వ తల్లి వెంట దీపం పట్టుకుని తిరిగిన పిల్ల, చాలా బొడ్డుతాళ్లు కోసిన చెయ్యి.

రెండు వేల తొమ్మిది డిసెంబరులో మల్లవ్వ కూతురు దుర్గాభవాని పుట్టింట్లోనే బిడ్డను కన్నది. ఆడపిల్ల, రెండు కిలోలకు కాస్త ఎక్కువ. మూడో రోజు దాటినా పాలు సరిగ్గా పడలేదు. డబ్బా పాలు పట్టమని దవాఖానలో చెప్పారు. మల్లవ్వకు అది చెంపదెబ్బలా తగిలింది. ఊరందరి బాలింతలకు పాలు తెప్పించిన చెయ్యి, సొంత బిడ్డ దగ్గర ఉత్తిదైపోయింది. తెలంగాణ ఉద్యమంతో ఆ నెలంతా హైదరాబాదులో రోజు మార్చి రోజు బంద్. లారీలు లేవు, మార్కెట్టులో పాలసొరలు లేవు. డబ్బా పాలు చెంచాతో పట్టినా మనవరాలు ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. మల్లవ్వ మార్కెట్టు సేటుకు ఫోను చేసి మొత్తుకుంది.

"సేటూ, చిన్నదో పెద్దదో, ఏ సొర దిగినా నాకు పంపు. నా బిడ్డ కోసం."

ఆదివారం పొద్దున ట్రాలీ ఆటోలో వచ్చింది. మామూలు సొర కాదు, ఆరడుగుల పైమాట. బూడిదరంగు వీపు, రెక్కల కొసలు సిరాలో ముంచినట్టు నల్లగా ఉన్నాయి. నలుగురు పట్టి దించి తాటిపత్రి మీద పడుకోబెట్టారు. మల్లవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. అంత అందమైన చేపను ఆమె ఎన్నడూ చూడలేదు. ఎక్కడా వంకర లేదు, తల నుంచి తోక దాకా ఒకే గీత గీసినట్టుంది.

జనం మూగారు. చచ్చిన పులి దగ్గర అందరూ వీరులే గదా. ఒకడు నోట్లో చెయ్యి పెట్టి ఫోటో దిగాడు. ఒకడు కాలితో తన్ని "లే, ఇప్పుడు కొరుకు" అన్నాడు. ఇంకొకడు మూతి మీద కాలు పెట్టి మీసం తిప్పాడు, మీసం లేకపోయినా. వీళ్లందరికీ పెద్ద జీవన్. ప్లాట్ల వ్యాపారం చేసే కుర్రవాడు, ఆఫీసు గోడకు తగిలించుకోవడానికి దవడ తనకే కావాలని అందరికంటే ముందే చెప్పి పెట్టుకున్నాడు.

"మల్లక్కా, కడుపు కొయ్యి. ఎంతమందిని మింగిందో సూద్దాం. బంగారం గాజులెల్తే సగం నీకు, సగం నాకు."

అందరూ నవ్వారు. కనకమహాలక్ష్మి మాత్రం నవ్వలేదు. సంచి భుజాన వేసుకుని వచ్చిన ఆవిడ చేప వైపు చూసి చేతులు జోడించింది.

"మా తాత వలలో పెద్ద సొర పడితే ముందు దణ్ణం పెట్టీవోడు, ఆ తర్వాతే బల్లెం తీసీవోడు. నువ్వు నన్ను తినాల్సిందానివి, ఇయ్యాళ నా రోజయిందమ్మా అనీవోడట" అని చెప్పింది.

"తాత మంచోడే, సొరే మంచిది గాదు" అన్నాడు జీవన్. మళ్లీ నవ్వులు.

మల్లవ్వకు ఇవేవీ చెవికెక్కలేదు. ఇంట్లో బిడ్డ ఏడుస్తోంది, ఒక ముక్క కోసుకుపోతే చాలు. కూర్చుని కత్తి దించింది. పొట్ట విచ్చుకుంది. గాజుల కోసం జీవన్ ముందుకు వంగాడు.

గాజులు లేవు. పిల్లలున్నాయి. ఆరు పిల్లలు, ఒక్కోటి మూరెడు పొడవు, తల్లి పోలికే, రెక్కల కొసలు కూడా నల్లగానే. ఒక్కొక్క దాని రొమ్ము దగ్గర నుంచి ఒక తాడు పోయి తల్లి లోపల కలిసింది. ఇన్నాళ్లూ లేత పాలసొరలే కోసిన మల్లవ్వ, చేపలన్నీ గుడ్లే పెడతాయనుకుంది. ఒక తాడును రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. ఆ జిగట, ఆ మెలిక ఆమె వేళ్లకు బాగా తెలుసు. ఆరు రోజుల కింద భవాని బిడ్డకు చూసింది. అది బొడ్డుతాడు. దాని చివర మాయ.

 

"అరే, పిల్లలు! అవి మస్తు మెత్తగుంటయ్, బాలింతకు గవే మంచియి" అన్నాడెవడో. ఫోన్లు పైకి లేచాయి. జీవన్ కూర్చుని ఒక పిల్లను తోక పట్టి ఎత్తబోయాడు.

మల్లవ్వ కత్తి పక్కన పెట్టి లేచింది.

"జీవన్, చెయ్యి తీయ్" అంది. అరవలేదు. మంత్రసాని గొంతుతో అంది. "కాన్పు కాడ మొగోల్లకేం పని? మీ ఇండ్లల్ల మీ అక్కలు కంటుంటె గిట్లనే మూగి ఫోటోలు దించిన్రా? నడువున్రి. ఇయ్యాల నా దుకాణం బంద్."

ఆ నెలలో బంద్ అనే మాటకు హైదరాబాదులో ఎదురు లేదు. అయినా వాళ్లు కదిలింది ఆ మాటకు కాదు. ఏ ఇంట్లోనైనా కాన్పు గది గుమ్మం దగ్గర ఒక ముసలమ్మ ఆ గొంతుతో గద్దిస్తే మగవాడు వెనక్కి తగ్గాల్సిందే. ఆ అలవాటు కాళ్లలో ఉంటుంది. ముందు మీసం లేనివాడు తప్పుకున్నాడు, తర్వాత ఫోన్లు జేబుల్లోకి పోయాయి, చివరికి జీవన్ చెయ్యి తుడుచుకుంటూ లేచాడు. కూరకొచ్చిన ఆడవాళ్లు మాత్రం నిలబడ్డారు. కనకమహాలక్ష్మి సంచిలోంచి తువ్వాలు తీసి ఒక కొస పట్టుకుంది, రెండో కొస ఎవరో ముసలామె పట్టుకుంది. నడిబజారులో చాటు కట్టినట్టయింది.

ఆ చాటులో మల్లవ్వ ఆరు తాళ్లూ కోసింది. తన తల్లి ఎలా కోసేదో అలాగే, నెమ్మదిగా, ఒక్కొక్కటీ. పిల్లల్నీ మాయనీ ఒక గుడ్డలో చుట్టింది. మనుషులకు చేసినట్టే తన ఇంటి వెనక గుంట తవ్వి పాతిపెట్టింది. దీన్ని పిచ్చి అన్నవాళ్లున్నారు. ఉండనీ. ఇంత పెద్ద నగరంలో ఒక పెద్ద సొర చచ్చిందని నవ్వినవాళ్లు వందమంది, దానికి పురుడు పోసింది ఒక్కతే. ఆ ఒక్కతి కోసమే ఈ కథ చెబుతున్నది.

తల్లి సొరను మల్లవ్వ ఇక కోయలేదు, సేటుకే తిప్పి పంపింది. అది ఎవరి కూరలోనో ఉడికే ఉంటుంది. దాని దవడ జీవన్ గోడకు చేరనే చేరింది. మల్లవ్వ ఆపగలిగింది తన కత్తిని మాత్రమే.

ఉత్త చేతులతో ఇంటికి వచ్చిన తల్లిని చూసి భవాని లేచి కూర్చుంది.

"అవ్వా, సొర తెచ్చినవా?"

మల్లవ్వ జరిగిందంతా చెప్పింది. భవాని కళ్లలో నీళ్లు తిరిగాయి, తర్వాత కోపం వచ్చింది.

"చేప పిల్లలను కనికరించినవు. మరి నా పిల్లకో?"

మల్లవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. తను తప్పు చేసిందా? రేపు ఈ పసిగుడ్డుకు ఏమైనా అయితే? అప్పుడు ఆమెకు తన తల్లి గుర్తొచ్చింది. అవ్వ ఏనాడు సముద్రం చూసింది? ఆ ఊరికి సొర ఎప్పుడొచ్చింది? మరి అన్ని కాన్పుల్లో అంతమందికి పాలెట్లా పడ్డాయి?

"లే బిడ్డా. రైక ఇప్పు" అంది మల్లవ్వ.

బిడ్డను గుడ్డలు తీసి తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టింది. వేడిగుడ్డతో కాపడం పెట్టింది, వీపు రాసింది. పాలు వచ్చినా రాకున్నా గడియకోసారి రొమ్ముకు పట్టించింది. నోరు చిన్నగా తెరిస్తే వేలితో గడ్డం కిందికి దించి మళ్లీ పట్టించింది. పోశయ్యను గడప దాటి రానివ్వలేదు. మూడు రోజులు ఆమె బజారు మొహం చూడలేదు. నాలుగో రోజు పొద్దున బిడ్డ గుటక వేసిన చప్పుడు గదిలో అందరికీ వినపడింది. భవాని ఏడ్చింది, నవ్వింది, "అవ్వా, తడుస్తుంది, గుడ్డ ఇయ్యి" అంది.

మల్లవ్వ అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. సొర కోసం వచ్చిన ప్రతి తల్లికీ ఆ సంగతంతా చెప్పడం మొదలుపెట్టింది. చెప్పి, రమ్మంటే వాళ్లింటికి పోయి బిడ్డను రొమ్ముకు పెట్టడం చూపించి వచ్చేది. సొరను మళ్లీ కత్తిపీట ఎక్కించలేదు.

"కడుపు సింపుకుంటే కాళ్ల మీద పడ్తదే. నీ బేరం నువ్వే సంపుకుంటున్నవు" అన్నాడు పోశయ్య.

"సింపి సూసినంక గూడ సూడనట్టు ఉండుమంటవా?" అందామె.

జీవన్ ఆఫీసులో ప్లాట్లు చూడ్డానికొచ్చినవాళ్లు దవడ చూసి భయపడితే, "మనుషులను మింగింది" అని అతను గొప్పగా చెప్పేవాడు. అటుగా పోయినప్పుడల్లా మల్లవ్వ ఆ ఆఫీసు గుమ్మంలో నిలబడి "అబద్ధం. పిల్లల తల్లి అది" అని చెప్పి గంప సర్దుకుని పోయేది. కొన్నాళ్లకు ఆ దవడ గోడ మీద కనిపించలేదు. 

రెండు వేల పద్నాలుగు జూన్‌లో, తెలంగాణ వచ్చిన మూడో వారమో నాలుగో వారమో, కనకమహాలక్ష్మి వచ్చింది. కోడలు ప్రసవించింది. భర్త రిటైరైనా వాళ్లు నాచారం వదల్లేదు. అప్పటికి ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి, గోడ పట్టుకుని నిలబడి నవ్వుతూ అడిగింది.

"సొర ఉందేటమ్మా?"

"ఉన్నది. దా అక్కా" అంది మల్లవ్వ.

చెయ్యి పట్టుకుని తన ఇంటి వెనక్కి తీసుకుపోయింది. ఆ సొర పిల్లల్ని పాతిన చోట ఏటా మొలిచే సొరపాదు రేకుల కప్పు మీదికి ఎక్కి అల్లుకుని ఉంది. లేత కాయలు మూరెడేసి వేలాడుతున్నాయి. ఆ పాదు కాయ మల్లవ్వ అమ్మదు, తను తినదు, బాలింతలకు మాత్రమే ఇస్తుంది. ఒక కాయ తెంపి రెండు చేతులతో అందించింది.

"పెసరపప్పేసి వండు. సాయంత్రం నేనొచ్చి పిల్లను పట్టిస్త."

కనకమహాలక్ష్మి ఆ కాయను సంచిలో వేసుకోలేదు. పాదు మొదలు వైపు తిరిగి, వాళ్ల తాతలాగే ముందు దణ్ణం పెట్టింది. తర్వాత పసిబిడ్డను ఎత్తుకున్నట్టు కాయను చంకనెత్తుకుని ఇంటికి నడిచింది.