శనివారం సెలవు

ఆళ్లగడ్డలో నేను పంతులమ్మగా చేరిన ఆ రోజుల్లో నాకు జీతం కంటే అసూయే ఎక్కువగా ఉండేది. మాది నంద్యాలలో శనివారాన్ని దేవుని దినంగా పాటించే అడ్వెంటిస్టు క్రైస్తవుల ఇల్లు. శుక్రవారం పొద్దు గుంకితే శనివారం పొద్దు గుంకేదాకా సబ్బాతు, విశ్రాంతి దినం. పని లేదు, పొయ్యి ముట్టించేది లేదు. ఇక కాఫీ, బంగారం, చేతికి గాజులు ఏ రోజూ లేవు. బడిలో సాయిబు మాస్టరు శుక్రవారం నమాజుకు వెళ్తే ఎవరూ అడగరు. నేను ఆదివారపక్క అని పిలుచుకునే ఇంకో క్రైస్తవ పంతులమ్మకైతే సర్కారే ఆదివారం సెలవిచ్చింది. ఆమె డజను గాజులు గలగలలాడిస్తూ బోర్డు మీద రాస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

నేను మాత్రం ఒంటిపూట బడి ఉన్న శనివారానికి సెలవు అడుక్కోవాల్సి వచ్చింది. అడగ్గానే హెడ్‌మాస్టరు ఒప్పుకున్నాడు. నేను వాళ్లింటి పక్క గదిలోనే అద్దెకుండేదాన్ని. శనివారం పొయ్యి వెలగదు, మెడ బోసి, మాంసం ముట్టను. (నా పేరులో బైబిలు వాసన కూడా లేదు.) ఆయన భార్య అదంతా చూసి, నేను తిరుపతి స్వామికి మొక్కుకుని ఒక్కపొద్దుంటున్నానని తేల్చేసి, ఆయనకూ అదే చెప్పి, అరటిపళ్లు కూడా పంపేది. నాకు ఆ సంగతి తెలియదు. ఇరుగుపొరుగు మంచితనమనుకుని తినేసేదాన్ని.

ఒకసారి నాయన నంద్యాల నుంచి బస్సు దిగాడు. ఆ తల్లి ఎదురెళ్లి, పాప మొక్కు ఎప్పుడు తీరుతుందని అడిగింది. నాయనకు అబద్ధం రాదు.

"మొక్కు యాడిదమ్మా? మేం కిరస్తానమోళ్లం. శనివారం మా దేవుని దినం."

సెలవు పోతే ఉద్యోగం మానిపిస్తాడు నాయన. అరుగు మీదున్న హెడ్‌మాస్టరు నాయన వైపు తిరిగాడు.

"ఏ సామి కోసరమైతే ఏందప్పా, శనివారం శనివారమే. బదులుగా ఆదివారమొచ్చి వెనకబడిన పిల్లోళ్లకు చెప్పమను."

సెలవు నిలిచింది, అసూయ రెండింతలైంది. ఆదివారం నేను ఎక్కాలు చెప్తుంటే కిటికీ ముందు నుంచే ఆదివారపక్క పట్టుచీర కట్టుకుని చర్చికి పోయేది. ఒకనాడు తిరిగొస్తూ కిటికీ దగ్గర ఆగింది. ఎగతాళికే అనుకున్నాను.

"నీకేం పాపా, నిన్న పొయ్యి ముట్టీకుండా మారాణి మాదిరి కూర్చుంటివి. నేనిప్పుడు పోయి ఇంటెడు మందికి కూర ఉడకెయ్యాల. మా చర్చి అయ్యగారు అట్లాంటి మాట ఒక్కనాడన్నా చెప్పకపాయె."

ఆమె కళ్లలో ఉన్నది అచ్చమైన కుళ్లు. నాకది బాగా తెలిసిన సరుకే. ఆ పూట నేను పిల్లలకు ఎక్కాలు తప్పుగా చెప్పినా పట్టించుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే అప్పుడు నేనుగా ఉన్న ఆ పిల్ల మీద నవ్వూ జాలీ కలుగుతాయి. నాయన పద్దెనిమిదేళ్లు నచ్చజెప్పినా ఇష్టపడని సబ్బాతు, ఆదివారపక్క కుళ్లుకోగానే దానికి ప్రాణప్రదమైపోయింది.