తిరుగు బండి ఎన్నింటికి

రైలు ఆగింది. ఆగిన తరువాత ఒక కుదుపు, దాని వెంటే ఇనుము ఇనుమును వదిలిపెట్టిన చప్పుడు. మ్యూనిక్ నుంచి కొండల వైపు పోయే బండి అది. దారిలో ఒక చిన్న జంక్షన్ దగ్గర మూడు ముక్కలవుతుంది, ఒక్కో ముక్క ఒక్కో ఊరికి పోతుంది. ఈ సంగతి ముందు రోజే చదువుకున్నాను. రైలు పెట్టె మీద ఊరి పేరు రెండుసార్లు చూసుకునే ఎక్కాను. అయినా ఆ కుదుపుకు నా వేళ్లు చల్లబడ్డాయి. నేను ఆసుపత్రిలో నర్సును. మంచం మీద మనిషి గుండె ఆగిపోతే తొణక్కుండా పని చేస్తాను. రైలు విడిపోతే మాత్రం నాకే ఒక నర్సు కావాలి. ఎదురుగా కూర్చున్న ముసలావిడను చూసి నా నోరు నన్నడక్కుండానే, "అమ్మా, తిరుగు బండి ఎన్నింటికి?" అనేసింది. తెలుగులో. ఆవిడ ఒక క్షణం ఆలోచించి తన బిస్కెట్ల డబ్బా నా వైపు జరిపింది. భయపడిన మొహం ఏ దేశంలోనైనా ఆకలి మొహంలాగే కనిపిస్తుంది కాబోలు.

ఆ ప్రశ్న నాది కాదు, నాగరత్నమ్మత్తది. ఎమ్మిగనూరులో మా ఇంటికి మూడో ఇల్లు వాళ్లది. చుట్టరికం ఏమీ లేదు, పక్కింటివాళ్లను వరసపెట్టి పిలవకపోతే మా వీధిలో మంచినీళ్లు కూడా పుట్టవు కాబట్టి అత్త. ఆమె భర్త మగ్గం మీద చీరలు నేసేవాడు, ఆమె వాటిని మూటగట్టుకొని ఊళ్లు తిరిగి అమ్మేది. పొద్దున బస్సెక్కి పోవడం, పొద్దు గూకేలోపల ఇంట్లో ఉండడం. నందవరం, పెద్దకడుబూరు, ఆదోని, ఆ మధ్యలో ఉన్న పల్లెలన్నీ ఆమె నడిచినవే. ఇంత తిరిగిన మనిషి కదా, ధైర్యవంతురాలని అనుకుంటారు. ఆమెకు కుక్కలంటే భయం, వంతెనలంటే భయం, ఉరుమంటే భయం, లిఫ్టు ఎప్పుడూ చూడలేదు కానీ విన్నదాన్నిబట్టి అదన్నా భయమే. కారు మాత్రం జన్మలో ఎక్కలేదు. ఎందుకత్తా అంటే, "నాల్గు తలుపులూ మూసేస్తారు పాపా. బస్సుకు తలుపే ఉండదు. ఎప్పుడంటే అప్పుడు దిగచ్చు" అనేది. మా ఊరి బస్సులకు తలుపు లేకపోవడాన్ని ఒక సౌకర్యంగా చూసిన ప్రయాణికురాలు ఆమె ఒక్కతే.

నా భయం వేరు. నాకు ఒంటరిగా ఊరు దాటడమంటే భయం. చిన్నప్పుడు జాతరలో తప్పిపోయాననో, ఎవరో ఎత్తుకుపోబోయారనో చెప్పుకోవడానికి కథ ఉంటే బాగుండేది. లేదు. ఊరికే భయం. కర్నూలులో నర్సింగ్ చదివిన నాలుగేళ్లూ మా నాయనే దింపి నాయనే తెచ్చుకున్నాడు. ఇట్లాంటి నాకు మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. జర్మన్ భాష నేర్చుకున్నాను, పరీక్ష పాసయ్యాను, అదంతా గదిలో కూర్చుని చేసే పని కదా. నెలన్నర లోపల వస్తానో రానో రాసి పంపమన్నారు. నాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని, "ఆదోనికి ఒంటరిగా పోలేని పిల్ల. ఈడ ఏడిస్తే నేను బండేసుకొని వస్తా. ఆడ ఏడిస్తే యాడికి రావాల?" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఆయన అడిగింది నిజమే. ఆ ఉద్యోగం పోతే జీవితమంతా నాయన స్కూటర్ వెనక సీటే.

ఆ మాటలు మూడిళ్ల అవతలికి వినబడినట్టున్నాయి. మా వీధిలో వినబడకపోతే వింత. సాయంత్రం అత్త వచ్చి గడపలో కూర్చుంది. "నాల్గు ఆదివారాలు పాపను నా యెంబడి పంపప్పా. అయిదో ఆదివారం అది ఒక్కతే ఆదోనికి పోయి వస్తాది. వస్తే జర్మనీకి పంపు."

"రాకపోతే?" అన్నాడు నాయన.

"రాకపోతే ఆదోనిలోనే ఏదన్నా ఉద్యోగం సూడు."

మొదటి ఆదివారం నందవరం. బస్సు దిగగానే అత్త మూట నేల మీద పెట్టలేదు, చీర సర్దుకోలేదు, నేరుగా కండక్టర్ దగ్గరికి పోయి, "అన్నా, తిరుగు బస్సు ఎన్నింటికి?" అంది. ఆయన చెప్పాడు. తరువాత టీకొట్టు. అదే ప్రశ్న, వేరే జవాబు. తరువాత చెట్టు నీడలో బిడ్డను ఎత్తుకొని నిలబడిన ఒకామెను అడిగింది. మూడో జవాబు. ఆ మూడోదాన్ని పట్టుకొని పనికి బయలుదేరింది. ముగ్గురెందుకని అడిగాను. "యూనిఫారం వేసుకున్నోడు బస్సు రావాల్సిన టైం సెప్తాడు. టీకొట్టాయన నిన్న వచ్చిన టైం సెప్తాడు. సంకలో బిడ్డ ఉండేది ఈ పొద్దు వచ్చే టైం సెప్తాది. బిడ్డనెత్తుకొని ఊరికే ఎవరన్నా నిలబడతారా?" అంది. మ్యూనిక్‌లో రైళ్ల రాకపోకలు చెప్పే యాప్‌లు నా ఫోన్‌లో మూడున్నాయి. వాటిలో ఒక్కదానికి కూడా బిడ్డ లేదు.

రెండో ఆదివారం బస్సు కాలువ వంతెన దాటుతున్నప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. నాకు ధైర్యం చెబుతోందనుకున్నాను. ఆ చెయ్యి కుండ అడుగులా చల్లగా ఉంది.

"అత్తా, నీకు భయమా?"

"మాట్లాడొద్దు. వంతెన దాటనీ."

దాటాక మళ్లీ అడిగాను. ఇరవై ఏళ్లుగా ఇదే వంతెన, ఇదే భయమట. తగ్గలేదట. "మరి ఎట్లా పోతావు?" అన్నాను, ఏదో రహస్యం చెబుతుందని. "బస్సులో పోతా. ఇంగెట్ల పోతారు?" అంది. కాసేపు కిటికీలోంచి జొన్నచేలు చూసి తనే అంది. "అది మనతో వస్తాది పాపా, దించేసినా వస్తాది. పక్కన కూసోనీ. కిటికీ సీటు మాత్రం ఇయ్యద్దు. ఇచ్చినావంటే బయట ఏమీ సూడనీదు."

నాలుగో ఆదివారం పెద్దకడుబూరు దగ్గర ఒక పల్లెకు పోయాం. ఆ రోజు అడగాల్సింది నేను. కండక్టర్‌ను అడిగాను, అయిదున్నర అన్నాడు. టీకొట్టులో అడిగాను, అయిదు అన్నాడు. చంకలో బిడ్డ ఉన్న మనిషి కూడా ఉంది కానీ, ఆమె ఆ బిడ్డను తిడుతూ వీపు మీద రెండు వేసింది. నాకూ ఒకటి పడుతుందేమోనని దగ్గరికి పోలేదు. అత్త అడిగితే, ముగ్గురినీ అడిగానని చెప్పాను.

అయిదు దాటింది, అయిదున్నర దాటింది. బస్సు రాలేదు. పత్తి చేల మీద ఎర్రటి వెలుగు పడి, అది కూడా తగ్గిపోతోంది. టీకొట్టు మూశారు. రోడ్డుకు అటువైపు నాలుగు కుక్కలు లేచి, ఒళ్లు విరుచుకొని, మా వైపు తిరిగి కూర్చున్నాయి. వాటికి కూడా బస్సు రాదని తెలిసిపోయినట్టుంది. అత్త మూటను గుండెకు అదుముకొని నిలబడింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. మా ఊరి పత్తి దళారి ఒకాయన కారులో పోతూ ఆపాడు. నాయనకు బాగా తెలిసినవాడే, పెద్దమనిషి. "ఎక్కు నాగరత్నమ్మక్కా, ఇంటికాడ దించుతా" అన్నాడు. నేను అప్పటికే తలుపు మీద చెయ్యి వేశాను. అత్త కదల్లేదు. "నువ్వు పోతే పో పాపా. నేను ఎక్కల్యాను" అంది.  ఆ క్షణంలో నాకు చీకటి కన్నా, కుక్కల కన్నా, ఆమెను ఆ రోడ్డు మీద వదిలేసి నేను కారులో పోవడం ఎక్కువ భయమేసింది. చెయ్యి తీసేశాను. కారు పోయింది.

"ముగ్గుర్నీ అడిగినావా?" అంది, రోడ్డు వైపే చూస్తూ.

"ఇద్దర్నే."

"మూడోది?"

"ఆమె బిడ్డను కొడతాండె అత్తా. భయమేసింది."

తిడుతుందనుకున్నాను. "భయమేస్తే ఏయనీ. అది కడుపులో కదా ఉండేది, నోరు ఖాళీనే కదా" అంది. ఇద్దరం పోయి ఆ మనిషి ఇల్లు కనుక్కున్నాం. ఆమె బయట గిన్నెలు తోముతోంది, బిడ్డ నిద్రపోయింది. ఆదివారం సాయంత్రం బస్సు ఊళ్లోకి రాదట, పెద్దరోడ్డు మీదనే పోతుందట, గట్టిగా నడిస్తే దొరుకుతుందట. "మధ్యాన్నమే అడిగింటే సెప్పేదాన్ని కదమ్మా" అంది, ఎంతో మంచిగా. ఆ రోజు నన్ను నిజంగా ఎవరైనా కొట్టి ఉంటే బాగుండేది.

రెండు కిలోమీటర్లు నడిచాం. కుక్కలు కొంతదూరం సాగనంపాయి. అత్త నా చెయ్యి వదల్లేదు, ఆగలేదు కూడా. బస్సు దొరికింది. ఇంటికి చేరేసరికి మా నాయన వీధి చివర నిలబడి ఉన్నాడు. ఆ దళారి ఎప్పుడో క్షేమంగా ఇల్లు చేరి, మేము నడిచి వస్తున్నామని వీధంతా చెప్పి, ఉగ్గాని కూడా తినేశాడట. కథ అంటూ రాస్తే ఆ కారుకు కనీసం ఒక టైరు పంక్చరైనా కావాలి. ఏమీ కాలేదు. అత్త భయానికి కారణం లేదు, నా భయానికీ లేదు. అయినా నడిచింది నిజం, బస్సు ఎక్కింది నిజం.

అయిదో ఆదివారం ఒక్కదాన్నే ఆదోనికి పోయాను. ముగ్గురినీ అడిగాను. బిడ్డ ఉన్నామెను రెండుసార్లు అడిగాను. మార్కెట్ దగ్గర ఒక గంట తిరిగాను, ఏం చూశానో ఇప్పటికీ చెప్పలేను, కిటికీ సీటు భయానికే ఇచ్చేసినట్టున్నాను. సాయంత్రం ఎమ్మిగనూరు బస్టాండులో దిగితే ఎదురుగా అరుగు మీద నాగరత్నమ్మత్త. పక్కన మూట లేదు.

"ఏమత్తా, ఈడున్నావు?"

"నూలు కొనేదానికి వచ్చినా."

చేతిలో నూలు లేదు. బస్టాండులో నూలు అమ్మరు. పక్కన టీ పోస్తున్నాయన నవ్వి, "పొద్దున్నుంచి ఈడే కూసోనుంది. ఆదోని బస్సు ఎన్నింటికి, ఆదోని బస్సు ఎన్నింటికి అని కనబడినోళ్లందర్నీ అడిగింది. మా ప్రాణం తీసింది" అన్నాడు. అత్త ఆయన్ను కొరకొరా చూసి, నా సంచి లాక్కొని ముందు నడిచింది. వెనక నుంచి పోయి చెయ్యి పట్టుకున్నాను. వంతెన మీద ఉన్నంత చల్లగా ఉంది.

నాయన నన్ను జర్మనీకి పంపాడు. మూడు నెలల కిందట అత్త పోయింది. జ్వరం ముదిరిందని ఆసుపత్రికి తీసుకుపోవడానికి కారు తెస్తే ఎక్కలేదట. ఆటోలో తలుపు లేని వైపు కూర్చుని పోయిందట. ఫోన్‌లో నాయన చెప్పాడు. ఆ తరువాత నేను ఆసుపత్రి, నా గది దాటి ఎక్కడికీ పోలేదు. అంతకు ముందు ప్రతి సెలవు రోజూ రైలెక్కి ఏదో ఒక సరస్సుకో కొండకో పోయి సాయంత్రానికి వచ్చేదాన్ని, వచ్చాక ఆమెకు ఫోన్ చేసి, ముగ్గురినీ అడిగానని చెప్పేదాన్ని. చెప్పడానికి మనిషి లేనప్పుడు తిరిగి రావడం ఎందుకో, అసలు పోవడం ఎందుకో తెలియలేదు. ఈ ఆదివారం కూడా పోకపోతే ఇక ఎప్పటికీ పోలేనేమోనని భయమేసి బయలుదేరాను. భయంతో ఇల్లు కదలకపోవడం, భయంతోనే ఇల్లు కదలడం. మొత్తానికి పని చేసేది అదే.

మూడు ముక్కల్లో నా ముక్క నన్ను సరైన చోటే దించింది. ఎదురుగా ఉన్న సరస్సు వైపు చూడకుండా యూనిఫారం ఆయన్ను అడిగాను, ఆరుంబావుకు రైలు అన్నాడు. కాఫీ అమ్మే ఆవిడ కూడా అదే టైం చెప్పింది. ఇద్దరూ ఒకటే చెప్పారు కదా, చాలదా అనిపించింది. పిల్లవాడిని తోపుడుబండిలో పెట్టుకొని ఒకామె నిలబడి ఉంది. పిల్లవాడు ఏడుస్తున్నాడు, ఆమె మొహం చూస్తే అడగబుద్ధి కాలేదు. అడిగాను. సాయంత్రం నుంచి పట్టాల పని ఉందట, రైలు ఉండదట, స్టేషన్ వెనక నుంచి బస్సు పోతుందట, అది అరగంట ముందే కదులుతుందట.

సాయంత్రం ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. తలుపులు మూసుకున్నాయి, భయమూ నా వెంటే ఎక్కింది. పక్క సీట్లో నా సంచి. దారిలో ఒక పెద్దాయన ఎక్కి, ఈ సీటు ఖాళీయేనా అని అడిగాడు. ఖాళీ లేదని చెప్పబోయి ఆగాను. సంచి తీసి, అత్త మూట పెట్టుకున్నట్టు, ఒళ్లో పెట్టుకున్నాను. బయట సరస్సు ఇంకా కనిపిస్తూనే ఉంది. పెద్దాయన కూర్చుని, ఈ బస్సు ఎన్నింటికి చేరుతుందో నన్ను అడిగాడు. నా దగ్గర బిడ్డ లేదు, ఇంకో ఇద్దరిని కూడా అడగమని చెప్పాను.