జ్ఞానయ్య పట్టిన కప్పలు

జ్ఞానయ్య నందిగామలో నేను పాఠాలు చెప్పే బడిలో సైన్సు గదికి అటెండరు. తొలకరి పడితే చాలు, మునేటి ఒడ్డు చిత్తడిలో దిగి పిల్లలు కోసి నేర్చుకోడానికి గోనెసంచి నిండా కప్పలు పట్టుకొచ్చేవాడు. కాళ్ళు పట్టి అరుగుకేసి ఒక్క బాదు బాదేవాడు, అంతే! కోపమొస్తే మనుషుల్నీ అలాగే బాదేవాడు. కూతురు కృపావతి జగ్గయ్యపేట లారీ డ్రైవరు బాబ్‌జాన్‌ని చేసుకుందని తెలిసిన రోజు ఇంటి తలుపు రెక్క ఊడబీకాడు.

1962 తొలకరిలో నాకో పిచ్చి పట్టింది. ఆడ కప్పను పిండి గుడ్లు తీసి, సగం గుడ్ల మీద మగ కప్ప బీజం, సగం మీద కప్పలాగే కనిపించే వేరే జాతి గోదురుకప్ప బీజం పోశాను. మధ్యాహ్నం దాకా రెండు పళ్ళేల్లోనూ గుడ్లు ఒకేలా రెండుగా, నాలుగుగా చీలుతూ ఎదిగాయి. సాయంత్రానికి గోదురుకప్ప పళ్ళెంలోవన్నీ ఆగిపోయి, తెల్లబడి, పగిలిపోయాయి. మొదటి కాస్త పనికి సరిపడా సరంజామా తల్లే గుడ్డులో పెట్టి పంపుతుంది. అది అయిపోయాక తల్లి బీజం, తండ్రి బీజం కలిసి పిండాన్ని మలచాలి. అంత దూరపు జీవుల మధ్య ఆ పొత్తు కుదరదని, పక్కనే నిలబడి చూస్తున్న జ్ఞానయ్యకి చెప్పాను.

"మనుషులకైనా ఇంతేనా మాస్టారూ?" అని అడిగాడు జ్ఞానయ్య.

నేను భూతద్దం మీంచి తలెత్తలేదు. "ఇంతేనయ్యా, విసిగించకు, పో!" అన్నాను. ఛీ, నా నోరు పడిపోను! కృపావతికి ఏడో నెలని నాకు తెలుసు.

మర్నాడు వాచ్‌మన్ చెప్పాడు. కూతురి కడుపులో పిండం కుళ్ళిపోతుందట, మంత్రసాని చేత తీయిస్తానని జ్ఞానయ్య జగ్గయ్యపేట బస్సెక్కాడట. తర్వాతి బస్సు పట్టుకుని పరిగెత్తాను.

బాబ్‌జాన్ వాకిట్లో నెత్తురోడుతూ పడున్నాడు. జాకీ రాడ్డుతో అతని కుడి మోచెయ్యి చితక్కొట్టి, జ్ఞానయ్య కూతుర్ని జుట్టు పట్టి వీధిలోకి ఈడుస్తున్నాడు.

"లోపల తంతాంది నాన్నా! చచ్చుద్దంటావేంది?"

"మద్దేనం దాకా ఆ గుడ్లూ బానే ఉన్నయ్యే! అది లోపల పగిలితే నువ్వు బతకవే!" ఏడుస్తూనే ఈడుస్తున్నాడు.

నేను అడ్డం పడ్డాను. "ఒళ్ళు తెలీక అన్నాను జ్ఞానయ్యా! కప్ప వేరు, గోదురుకప్ప వేరు. వీళ్ళిద్దరూ మనుషులే!"

రాడ్డు నా మూతి మీద పడింది. రెండు పళ్ళూడాయి. నోటినిండా నెత్తురుతో అదే మాట మళ్ళీ మళ్ళీ అరిచాను. ఎప్పటికో అతను రాడ్డు వదిలి కూలబడ్డాడు.

సెప్టెంబరులో ఆడపిల్ల పుట్టింది, గుండ్రాయిలా. బాబ్‌జాన్ మోచెయ్యి మాత్రం మళ్ళీ వంగలేదు, స్టీరింగు పట్టలేదు. మనవరాల్ని చూడబోయిన జ్ఞానయ్యని కృపావతి గడప తొక్కనివ్వలేదు. ఏడేళ్ళకు పోయాడు, ఆ పిల్లని ఎత్తుకోకుండానే.

ఆ ఏడేళ్ళలో నన్ను ఒక్కసారే అడిగాడు, సైన్సు గదిలో పళ్ళేలు కడుగుతూ.

"ఆ రోజు తలెత్తి చెప్పుంటే ఏం పోయేది మాస్టారూ?"