మా బావ రాసిన చివరి మాటలు

మా అక్క మొగుడు యుద్ధంలో బాంబర్ విమానం నడిపాడు. ఒకసారి విమానంతో సహా కూలిపోయాడు, బతికాడు. అంతటితో ఊరుకుంటే గౌరవంగా ఉండేది. ఇరవై రెండేళ్లు ఆగి, ఉద్యోగం నుంచి దిగిపోయాక, పొద్దుపోక ఆత్మకథ మొదలుపెట్టాడు. నేను టైపిస్టును కావడం నా ఖర్మ. ఆదివారం వచ్చిందంటే చాలు, వాళ్ల భోజనాల బల్ల మీద నా మిషను పెట్టించి, కుంటికాలు ఇంకో కుర్చీ మీదికి చాపి చెప్పుకుపోయేవాడు. నేను కొట్టాలి.

మొదటి చిత్తులో నిజమే ఉంది. విమానం పొలంలో ముక్కు గుద్దుకుని పడింది. ముందు భాగంలో కూర్చుని దారి చెప్పే నావిగేటరు ఆ దెబ్బకే పోయాడు. బావ కాలు విరిగి బయటపడ్డాడు. అంతా కలిపి మూడు పేజీలు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే నావిగేటరు తల్లి దగ్గరికి వెళ్లి ఇదే చెప్పాడు. "బాధపడలేదమ్మా, ఆ క్షణంలోనే అయిపోయింది" అన్నాడట. ఆవిడ ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట పట్టుకుని బతికింది. ఎవరు పలకరించినా "మావాడు బాధపడలేదు" అనేది.

ప్రెస్సు యజమాని చిత్తు తిరగేసి, "సార్, ఇక్కడ చదివేవాళ్లకి కళ్లు చెమర్చాలి" అన్నాడు. ఎవరైనా సార్ అంటే చాలు, మా బావకి ఒళ్లు తెలియదు. మళ్లీ ఆదివారానికల్లా నావిగేటరుకి ప్రాణం పోశాడు. బావ ఒళ్లో తల పెట్టుకుని, అరగంట సేపు, దేశం గురించీ కర్తవ్యం గురించీ ఆ నావిగేటరు రెండు పేజీల ఉపన్యాసం ఇచ్చాడు.

"బావా, ఆయనకి నత్తి కదా?" అన్నాను. నత్తి వల్లే ఆయన దిక్కులూ దూరాలూ చీటీల మీద రాసి వెనక్కి అందించేవాడని బావే నాలుగో అధ్యాయంలో చెప్పి కొట్టించాడు.

"నీకు సాహిత్యం తెలీదురా. కొట్టు."

కొట్టాను. నా వేళ్లకైనా సిగ్గుండాల్సింది.

గ్రంథాలయం హాల్లో పుస్తకం విడుదల పెట్టారు. ముందు వరసలో ఆ తల్లిని కూర్చోబెట్టి, చేతిలో ఒక ప్రతి పెట్టారు. ఉపన్యాసాలు నడుస్తున్నంతసేపూ ఆవిడ వేలు పెట్టి ఆ రెండు పేజీలే చదివింది. చివర్లో లేచి నిలబడింది.

"బాబూ, మావాడు అమ్మా అనడానికే నాలుగుసార్లు ఆగేవాడు. ఇదంతా ఎలా మాట్లాడాడు?"

కల్పించానమ్మా అంటే సరిపోయేది. కానీ వేదిక మీద ఒకప్పటి పై అధికారి ఉన్నాడు, కింద పేపరువాళ్లున్నారు. బావ గొంతు సవరించుకున్నాడు.

"చివర్లో నత్తి పోయిందమ్మా."

బతికున్నన్నాళ్లూ ఏ వైద్యుడూ కుదర్చలేని నత్తిని మా బావ ఒక్క మాటతో కుదిర్చాడు. జనం చప్పట్లు కూడా కొట్టారు.

ఆవిడ కూర్చోలేదు. "అయితే అరగంట బతికే ఉన్నాడా? అప్పుడే పోయాడన్నావే! నొప్పితో ఉన్నవాణ్ణి వదిలేసి నువ్వొక్కడివే ఎలా వచ్చావు బాబూ?"

బావ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆవిడ పుస్తకం పట్టుకుని బయటికి నడిచింది.

నేను మెట్ల దగ్గరికి పరుగెత్తాను. "అమ్మా, అదంతా అబద్ధం. టైపు కొట్టింది నేనే. మీవాడు ఆ దెబ్బకే పోయాడు. బాధపడలేదు. ఒట్టు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు ఆయన బామ్మర్దివి కదూ?"

"అవునండీ."

"అలాగే అంటావులే నాయనా. మీవాణ్ణి కాపాడుకోవాలిగా" అని పుస్తకం నా చేతిలో పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది.