యాభై వాట్ల ఆంప్‌కు అసలు లెక్క

లా వేగా ఊళ్లో, కార్లలో పాటకు మోత పెంచే ఆంప్‌లు బాగుచేసే కొట్టు నడిపే నెరేయిదా పొలాంకోకు అబద్ధమంటే ఒళ్లుమంట. ఇనుము మీద అచ్చువేసిన అబద్ధమంటే మరీను.

పాత సామాన్ల కొట్లో ఆమెకు ముప్పై ఏళ్లనాటి ఆంప్ ఒకటి దొరికింది. మూత మీద యాభై వాట్లని ఉంది. విప్పి చూస్తే లోపల ముప్పై ఆంపియర్ల ఫ్యూజు. యాభై వాట్లకు అంత ఫ్యూజు దేనికి? స్పీకర్లకు బదులు నీళ్ల బకెట్లో ముంచిన తీగచుట్టలు తగిలించి, మీటరు పెట్టింది. నాలుగు ఓముల దగ్గర నూట ఇరవై వాట్లు వచ్చింది. ఓములు తగ్గేకొద్దీ ఆంప్ మీద బరువు పెరుగుతుంది. రెండుకు దించితే రెండు వందల ఇరవై ఇచ్చింది, గంట తర్వాత కూడా అరచెయ్యి ఆనించగలిగింది. ఒకటికి దించితే మాత్రం నాలుగు నిమిషాల్లో ఎర్రలైటు వేసి ఆగిపోయింది. టేపు ముక్క అంటించి రాసుకుంది: ‘220. రెండు ఓములు. దించొద్దు.’

ఆదివారం కమూ నది ఒడ్డున మోత పందెం. రెండు కార్లు డిక్కీలు తెరిచి ఎదురెదురుగా నిలబెడతారు. ముందు ఎవరిది ఆగితే వాళ్లు ఓడినట్టు. మూత మీది అచ్చులో వంద వాట్లైనా లేని ఆంప్‌కు ప్రవేశం లేదు. పందెం నడిపే క్లబ్బు పెద్ద రదామెస్, నెరేయిదా తెచ్చినదాని మీద ఆ టేపు చూసి పకపకా నవ్వాడు.

“టేపు ముక్కకి విలువివ్వాలా అక్కా? ఇంటికెళ్లి అరటికాయలు ఉడకేసుకో.”

“పొద్దున్నే తినొచ్చాలే. నీదెంత?”

“అయిదు వేలు. చదువుకో.”

“చదివాను. ఫ్యూజులు చూపించు. ముప్పై, ముప్పై, కలిపి అరవై. పద్నాలుగు వోల్టులతో లోపలికి పోయేదే ఎనిమిదొందల నలభై. సగం వేడికే పోద్ది. నీది నాదానికన్నా పెద్దదే, కాదన్ను. కానీ నాలుగొందల ఇరవై, అంతే. మిగతాది మేరీమాత పంపిస్తోందా?”

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. రదామెస్ మొహం కందగడ్డయింది.

“సరే, నాతోనే దిగు. ముందు నీది ఆగితే నీ కొట్టు మూసెయ్యాలి.”

“మూస్తా.”

ఇరవై రెండేళ్లుగా ఆమెకు కూడు పెట్టిన కొట్టు అది. కొలత తప్పితే ఇక ఆమె మాట మీద ఎవరూ ఆంప్ తేరు. నెరేయిదాకు భయం వేసింది. అయినా దిగింది.

పాట మొదలయ్యాక అతనిదే పెద్ద మోత. “ఒక ఓముకి దించు అక్కా, చప్పగా ఉంది” అని జనం అరిచారు. “కొలిచింది నేనా, మీరా?” అని ఆమె తీగ ముట్టుకోలేదు. అతను మాత్రం తనదాన్ని ఒక ఓముకు దించాడు. ఇరవయ్యో నిమిషంలో ఫ్యూజు పోయింది. అలా ఆగినదాన్ని పందెంలో ఒక్కసారికి సరిచేసుకుని మళ్లీ మొదలెట్టొచ్చు. ఇక్కడి మగరాయుళ్లు ఫ్యూజు పోతే ఫ్యూజు వెయ్యరు, రాగితీగ చుడతారు. అతనూ అదే చుట్టాడు. అయిదు నిమిషాలకు డిక్కీలోంచి పొగ లేచింది. నెరేయిదా ఆంప్ ఇంకో అరగంట పాడింది, కావాలనే.

సోమవారం రదామెస్ కాలిన ఆంప్ పట్టుకుని కొట్టుకొచ్చాడు. బయట పందేలకు కార్లు దింపే నలుగురు డామినో బిళ్లలు ఆడుతున్నారు.

“బాగవుద్దా అక్కా?”

“అవుద్ది. ముందు ఇదెంతదో వాళ్లకి చెప్పిరా.”

“నా పరువేం కాను?”

“నిన్న నా కొట్టు మూయమన్నప్పుడు నా పరువు నీకు గుర్తొచ్చిందా?”

అతను గుమ్మం దగ్గరికెళ్లి, గొంతు సవరించుకుని, “నాది నాలుగొందల ఇరవై” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. డామినోలు పక్కన పెట్టి, ఒక్కొక్కరే తమ ఆంప్‌లు తెచ్చి ఆమెతో కొలిపించుకోవడానికి లేచారు.