మున్నీ మింగిన మాట

పొద్దున యాదమ్మ ఫోన్ చేసింది. "సార్, పెద్ద సిస్టర్ పోయింది" అంది. "పిల్ల తింటలేదు" అని కూడా అంది. మొదటి మాట వెంటనే అర్థమైంది. ఆవిడ గుండె జబ్బు సంగతి మా శాలిబండ గల్లీలో అందరికీ తెలుసు. రెండో మాటలో ఎంత ప్రమాదం ఉందో అర్థం కావడానికి నాకు మర్నాటి దాకా పట్టింది.

మా ఇంటి వెనక గల్లీలో, గాజులకు రాళ్లు అతికే కార్ఖానా పక్కన, ఆకుపచ్చ గేటు ఇల్లు అది. అందరూ వద్దన్న పిల్లల్ని అక్కడ సిస్టర్లు సాకేవారు. పెద్ద సిస్టర్ కేరళ నుంచి వయసులో ఉండగా వచ్చి, ఇక్కడే ముసలిదైంది. యాదమ్మ వంటా, బట్టలూ చూసే ఆయా.

శవపేటికను హాల్లో ఉంచారు. వచ్చినవాళ్లలో ఒకాయన ఆవిడను దేవత అన్నాడు. ఇంకొకాయన త్యాగమూర్తి అన్నాడు. ఈ రెండో ఆయన మా గల్లీ పెద్దమనిషి. ఆ ఇంట్లో మతమార్పిడులు జరుగుతున్నాయని కొన్నేళ్ల కిందట ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగు చేసింది ఆయనే. పూలదండ మాత్రం అందరికన్నా పెద్దది తెచ్చాడు. నాకు ఒళ్లు మండింది. మనిషిని దేవతను చేయడంలో ఒక సుఖం ఉంది. ఇక ఆవిడ చేసిన పని మనం చెయ్యనక్కర్లేదు. దేవతలు చేస్తారు, మనం దండం పెడతాం. ఆవిడ దేవతా కాదు, మూర్తీ కాదు. నడుం నొప్పికి మూలిగేది. పెరుగన్నంలోకి పచ్చిమిరపకాయ కొరుక్కునేది. కోపమొస్తే మలయాళంలో తిట్టి, అర్థం కాలేదేమోనని అదే మళ్లీ తెలుగులో తిట్టేది. ఆ తెలుగు కూడా యాదమ్మ దగ్గరా, ఆటో స్టాండులోనూ నేర్చినది. అందుకే నన్ను "సార్, నువ్వు కూసో" అనేది. గౌరవమంతా ఆ మొదటి మాటలోనే అయిపోయేది.

మున్నీ ఆ ఇంటికి షేర్ ఆటోలో వచ్చింది. ఆఖరి స్టాపులో అందరూ దిగిపోయాక, వెనక సీటు మీద తువ్వాల్లో చుట్టిన పిల్ల మిగిలింది. నిద్రపోతోందనుకున్నాడు డ్రైవర్. ఎత్తుకుంటే మెడ వాలిపోయింది. నేరుగా ఆకుపచ్చ గేటుకు తెచ్చి, "సిస్టర్, యే మున్నీ కిస్‌కీ కి నై మాలూమ్" అన్నాడు. ఈ చిట్టిపాప ఎవరిదో తెలియదని. ఆ మున్నీ అన్న మాటే పేరైంది. మెడ నిలవదు, పిడికిళ్లు విచ్చుకోవు, చూపు మసక, మాట రాదు. వదిలి వెళ్లిన తల్లిని తిట్టమని నన్ను చాలామంది అడిగారు. నేను తిట్టను. ఇలాంటి పిల్లను కని, ఏ చేయూతా లేక, ఇంట్లోవాళ్ల చేత శాపనార్థాలు పడి, ఏ స్టాపులో దిగిపోవాలో తేల్చుకోలేక ఆటోలో కూర్చున్న ఆడమనిషిని తిట్టడానికి నా దగ్గర మాటల్లేవు. తిట్టవలసినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లకోసం దాచుకున్నాను.

పిల్ల మెడలో నల్లదారం ఉండేదట. అది ముస్లింల తాయెత్తు దారమా, హిందువుల దిష్టి దారమా అని గల్లీ రెండుగా చీలింది. సంతకాల పెద్దమనిషి వచ్చి, ఆ దారం ఏమైందని నిలదీశాడు. పెద్ద సిస్టర్ ఇచ్చిన జవాబు ఇదీ: "ఏ మతం దారమో నేను చూడలే. బిగుసుకున్నది, కోసేసిన. పుండైంది, కొబ్బరినూనె రాసిన." కావాలంటే మెడ చూసుకోమని పిల్లను ఆయన చేతుల్లో పెట్టబోయిందట. ఆయన రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడని యాదమ్మ ఎన్నిసార్లు చెప్పినా నవ్వేది.

నేనూ ఆ ఇంటికి పోట్లాడటానికే వెళ్లాను. దానధర్మాల మీద వ్యాసం రాస్తున్న రోజులవి. పౌరుడి హక్కుగా దక్కాల్సినదాన్ని మీరు దయగా పంచుతున్నారు, మీ దయ ఉన్నంతకాలం సర్కారుకు సిగ్గు రాదు అన్నాను. ఆవిడ పిల్లకు జావ తాగిస్తూ అంతా విన్నది. "మంచిగ చెప్పినవ్ సార్. రాయి. ఈ గిన్నె అయినంక ఇద్దరం లొల్లి పెట్టుకుందాం" అంది. ఆ గిన్నె అంత తొందరగా అయ్యేది కాదు. మా మసీదులో మధ్యాహ్నం అజాన్ వినబడినప్పుడు మొదలుపెడితే, జనం నమాజు చేసుకుని, ఇళ్లకు పోయి తిని, మళ్లీ దుకాణాల షట్టర్లు ఎత్తే వేళకు అడుగు కనిపించేది. అప్పటికి నా కోపం చల్లారేదని మాత్రం అనుకోకండి. ఆ మాట ఇప్పుడూ అంటాను. ఆవిడ పోతే ఒక పిల్ల ఆకలితో ఉండాల్సి రావడమే నా వాదనకు సాక్ష్యం. ఈ సాక్ష్యం నాకు అక్కర్లేదు, అది వేరే సంగతి.

ఆ రోజు పిల్లను చూసి నేను కూడా అందరిలాగే "పాపం" అన్నాను. ఆవిడ చెంచా ఆపేసింది. ఆ ఇంట్లో ఆ మాట అన్నవాళ్లను గేటు బయటికి పంపేదని నాకు తెలియదు. "మా దిక్కు జాలి పడితే పావం అంటరు. పాపం అంటే వేరే, నరకానికి పోయేది. మీరేంది సార్, పిల్లను చూసి పాపం పాపం అంటరు? ఏం చేసింది ఈమె?" ఇన్నేళ్లుగా తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ని, జాలికీ నేరానికీ మన భాష ఒకే మాట వాడుతోందని నాకెవరూ ఎత్తిచూపలేదు. పూర్వజన్మ కర్మ అని గొణిగే పెద్దలకు ఈ సౌకర్యం నోట్లోనే ఉంది, వేరే మాట వెతుక్కోనక్కర్లేదు.

ఇక అసలు మాటకు వస్తాను. మున్నీకి మింగడం రాదు. నోట్లో పెట్టింది అలాగే ఉండిపోతుంది, లేదా గొంతుకు అడ్డం పడుతుంది. ఆవిడ ఒళ్లో నిలువుగా కూర్చోబెట్టుకుని, గడ్డం కాస్త కిందికి వంచి, నాలుక మధ్యన అరచెంచా జావ పెట్టి, గడ్డం కింద బొటనవేలు ఆనించి, చెవి దగ్గర "మిండు" అనేది. గొంతు కదిలేది. మళ్లీ చెంచా, మళ్లీ "మిండు".

మొదటిసారి విన్నప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. మిండడు అంటే ఏమిటో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "గట్ల అనకు సిస్టరమ్మా, గది బూతు. మింగు అనాలె" అని మున్నీ వచ్చిన కొత్తలోనే మొత్తుకుందట. బూతు ఏమిటో మాత్రం చెప్పలేకపోయింది. ఆ బాధ్యత నా మీద పడింది. వ్యుత్పత్తితో సహా చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంత నవ్వింది. యాదమ్మ దగ్గర "మింగు" విన్నదట, నాలుక జారి తన భాషలోని మాట మీద పడిందట. "మా ఊళ్ల మిండు అంటే మాట్లాడు" అంది. దిద్దుకుందామని "మింగు" అని చూసింది. మున్నీ జావ బుగ్గన పెట్టుకుని ఎదురుచూసింది. దానికి తెలిసిన మాట ఒకటే. దాంతో ఆ ఇంట్లో ఆ బూతు ఖాయమైపోయింది.

మాట్లాడమంటే మింగుతోంది, ఈ దేశంలో మనమంతా చేస్తున్నది అదే కదా, దీని మీద వ్యాసం రాస్తాను అన్నాను ఉత్సాహంగా. ఆవిడకు నచ్చలేదు. "నా మున్నీని ఉదాహరణ చెయ్యకు సార్. ఉదాహరణకు దగ్గు రాదు, ఈమెకు వస్తది" అంది. రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను, కోప్పడటానికి ఆవిడ లేదు.

మా మధ్య తెగని తగాదాలు తెగకుండానే ఉన్నాయి. రోజూ సాయంత్రం పిల్ల నుదుట బొటనవేలితో శిలువ గుర్తు వేసేది. అడగలేని మనిషి నుదుటి మీద మీ గుర్తెందుకు అన్నాను. "నా దగ్గర ఉన్నది గదే సార్. నీ దగ్గర వేరేది ఉంటే తెచ్చి పెట్టు" అంది. ఆ జవాబు నాకు చాలలేదు, ఇప్పటికీ చాలదు. కానీ పైనుంచి వచ్చిన ఒక ఫాదర్ ఈ పిల్ల దేవుడిచ్చిన బహుమతి అని ప్రసంగించి వెళ్లాక, "బహుమతి అయితే పట్టుకపోవచ్చు గద, ఒక్క పూట" అని నా చెవిలో అన్నది కూడా ఆవిడే. వికలాంగుల పింఛను ఆఫీసు పై అంతస్తులో ఉండి, లిఫ్టు లేక, పిల్లను స్వయంగా తెస్తేనే అని కబురొచ్చిన రోజు మున్నీని భుజాన వేసుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. పైకెళ్లాక వేలిముద్ర పడలేదు. బిగుసుకున్న పిడికిలి సర్కారు కోసం విచ్చుకుంటుందా? నేను అక్కడ అరిచాను. ఆవిడ బెంచీ మీద కూర్చుని ఆయాసపడింది. ఆ గుండె అలిసిపోవడంలో ఆ మెట్లకు వాటా లేదని ఎవరైనా నన్ను ఒప్పించండి చూద్దాం.

సమాధి అయిన మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. మున్నీ నీళ్లు కూడా మింగడం లేదు. జార్ఖండ్ నుంచి కొత్తగా వచ్చిన చిన్న సిస్టర్ హిందీలో బతిమాలుతోంది. చెంపల మీదుగా జావ కారిపోతోంది. చూసి వెళ్లిన డాక్టర్, సాయంత్రానికి ఏమీ పోకపోతే ముక్కులో గొట్టం వెయ్యాలన్నాడు. గొట్టం పడితే ఈ ఇంట్లో ఉంచరు, వేరే ఊళ్లో పెద్ద ఆశ్రమానికి పంపిస్తారు అని చిన్న సిస్టర్ చెప్పింది. అక్కడ ఆ మాట ఎవరికి తెలుసు?

ఆ మాట అనండి అన్నాను. చిన్న సిస్టర్ తినిపించే వేళల్లో ఎప్పుడూ ప్రార్థన గదిలో ఉండేదట, ఏ మాట అని అడిగింది. చెప్పాను. ఆమె తన యాసలో అంటే పిల్ల ముఖం తిప్పేసింది. నేనే అన్నాను. సభల్లో అరిచి బండబారిన గొంతు నాది. మున్నీ కొయ్యలా బిగుసుకుపోయి ఏడ్చింది. మిగిలింది యాదమ్మ. ఆమె గోడకు ఆనుకుని నిలబడి తల అడ్డంగా ఊపింది.

"మా అత్త నన్ను గా మాట తోటే తిట్టి ఇంట్ల నుంచి ఎల్లగొట్టింది సార్. గల్లీ అంత ఇన్నరు. నా నోటెంట రాదు."

పిల్ల బుగ్గన జావ అలాగే ఉంది. యాదమ్మ దాన్ని చూసింది, కొంగుతో చేతులు తుడుచుకుంది, పెద్ద సిస్టర్ కూర్చునే పీట మీద కూర్చుని పిల్లను ఒళ్లోకి తీసుకుంది. "మీరు బయటికి పోండ్రి" అంది.

హాల్లోకి వచ్చేశాం. తలుపు పడింది. పక్క కార్ఖానాలో భోజనాల వేళ, చప్పుడు లేదు. చాలాసేపు లోపల కూడా ఏమీ లేదు. తర్వాత వినబడింది, దొంగ సొమ్ము దాచినట్టు, అంత సన్నగా: "మిండు." ఏమీ జరగలేదు. మళ్లీ, ఈసారి కాస్త గట్టిగా: "మిండు బిడ్డా." చిన్నగా దగ్గు. ఆ తర్వాత చెంచా గిన్నె అంచును తాకిన చప్పుడు.

ఎంత తిన్నది, రేపు తింటుందా, యాదమ్మ ఒంట్లో బాగోలేని రోజున ఎవరంటారు, నాకు తెలియదు. ఇవి అడగాల్సిన తలుపులు చాలా ఉన్నాయి, అడుగుతాను. ఆ క్షణంలో మాత్రం కిటికీ అవతల గల్లీలో సంతకాల పెద్దమనిషి పోతూ పోతూ ఆగాడు. సిస్టర్ల ఇంట్లోంచి ఆడగొంతు, అలాంటి మాట, మళ్లీ మళ్లీ, అంతకంతకూ గట్టిగా. కనుబొమలు ముడిచి నా వైపు చూశాడు, ఏదో అనబోయాడు. నేను పెదవుల మీద వేలు పెట్టాను. ఆయన నిలబడిపోయాడు. లోపల చెంచా మళ్లీ గిన్నెను తాకింది.