ఎడమకు తిప్పాల్సిన హుక్

నాలుగేళ్లుగా మా వంటింట్లో, బియ్యం డబ్బా వెనక, పాత టవల్ ముక్కలో చుట్టిన ఇనుప హుక్ ఒకటి ఉండేది. అరచెయ్యంత పొడవు. బరువు అరకిలో ఉంటుందేమో. బియ్యం తీసిన ప్రతిసారీ నా చెయ్యి దాని పక్కనుంచే వెళ్లేది. అది అక్కడుందని ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. పాప నిద్రపోయింది. మా ఆయన పక్కగదిలో ఆఫీసు కాల్‌లో ఉన్నారు. ఇప్పుడు రాయకపోతే మళ్లీ రాయను.

పాప పుట్టిన ఏడాదికి మా ఆయన ఒక పాత వ్యాన్ కొని మోటర్‌హోమ్‌గా మార్పించారు. మంచం, చిన్న స్టవ్, నీళ్ల ట్యాంకు. నేను ఇంట్లోంచి బయటికి రావడం మానేశానని, అలాగైనా కదులుతానని ఆయన ఆలోచన. ఆ రోజుల్లో నేను గ్యాస్ ఆపానో లేదో మూడుసార్లు చూసేదాన్ని. పాప ఊపిరి తీస్తోందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఇంట్లో నవ్వేవాళ్లు. కానీ ఒక సంగతి అందరూ ఒప్పుకునేవాళ్లు. నేను చూశానంటే చూసినట్టే.

వ్యాన్ పనంతా చేసింది రామాంజన్న. కె.ఆర్.పురం స్టేషన్ వెనక ఆయన షెడ్డు. అరవై దాటిన మనిషి. మా అపార్ట్‌మెంట్‌లో సగం కార్లు ఆయన చేతిమీదే నడిచేవి. పాత వ్యాన్ కదా, టోయింగ్ హుక్ రాలేదు. బండి ఎక్కడైనా దిగబడితే, బంపర్ మీదున్న చిన్న మూత తీసి, లోపలి రంధ్రంలో ఈ హుక్ బిగించి, దానికి తాడు కట్టి లాగుతారు. రామాంజన్న పాత సామాన్ల బజారంతా తిరిగి ఒకటి తెచ్చి, బిగించి చూసి, విప్పి నా చేతిలో పెట్టారు. "ఇది ఎడమకు తిరుగుతాది మ్మా. అందరూ కుడికి తిప్పి, పట్టలేదంటారు. అవసరం పడక ముందే మీ చేత్తో ఒకసారి పెట్టి చూడండి," అన్నారు. అలాగే అన్నాను.

తర్వాతి వారం ఆయుధపూజ. బ్రూక్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో అందరి బళ్లూ కడిగి పూలు వేశారు. నేను మా కారు సామాన్లు, వ్యాన్ సామాన్లు ఒకే దుప్పటి మీద పరిచాను. జాకీలు, స్పానర్లు, రెండు హుక్కులు. అన్నిటికీ నేనే కుంకుమ పెట్టాను. గుమ్మడికాయ పగిలిన చప్పుడుకు పాప గుక్కపట్టింది. ఒక చేత్తో పాపను ఎత్తుకుని, రెండో చేత్తో సామాన్లు రెండు సంచుల్లో వేసేశాను. ఏది ఎందులో వేశానో చూడలేదు.

ఆనేకల్ దగ్గర ఒక తోటకు బయల్దేరే ముందురోజు రామాంజన్న ఫోన్ చేశారు. పూజలో రెండు బళ్ల సామాన్లూ కలిసిపోయి ఉంటాయి, హుక్ ఒకసారి బిగించి చూశారా అని అడిగారు. పాప అప్పుడే నా భుజం మీద నిద్రపోయింది. కిందికి వెళ్లాలంటే లేవాలి. లేస్తే పాప లేస్తుంది.

"చూశానన్నా. సరిగ్గా కూర్చుంది," అన్నాను.

చూస్తాను అనొచ్చు కదా. ఎందుకు చూశాను అన్నాను? ఫోన్ పెట్టాక వెళ్లి చూద్దామనుకున్నానేమో. మరిచిపోలేదు, అది మాత్రం నిజం. ఆ రాత్రి పాప మందుల సంచి మూడుసార్లు సర్దాను. హుక్ మాట గుర్తుకొచ్చింది. మన బండి ఎక్కడ దిగబడుతుందిలే అనుకున్నాను.

దిగబడింది. రాత్రంతా వాన. తెల్లారేసరికి ముందు చక్రాలు సగం దాకా బురదలో ఉన్నాయి. తోటవాళ్లు ట్రాక్టర్ పిలిపించారు. మా ఆయన బంపర్ మూత తీసి హుక్ పెట్టారు. కుడికి తిప్పారు. ఎడమకు తిప్పమని నేను చెప్పాను. ఎటు తిప్పినా పట్టలేదు. రంధ్రంలో వదులుగా ఆడుతోంది. ట్రాక్టరాయన సీటు మీంచి దిగనేలేదు. "ఏమప్పా, మంచం తెచ్చుండారు, పొయ్యి తెచ్చుండారు, ఇల్లంతా కట్టుకోనొచ్చి ఒక్క హుక్కు తేలేదా?" అని నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. రామాంజన్నకు ఫోన్ చేశారు.

ఆయన ఆ వానలో స్కూటర్ మీద అంతదూరం వచ్చారు. హుక్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. నా వైపు తిరిగారు. ఆ నాలుగు మాటలూ నాకు ఒక్క అక్షరం కూడా పోకుండా గుర్తున్నాయి.

"ఇది కారుది మాదిరి ఉండాది మ్మా. కారు సంచిలో చూసినారా?"

"చూశానన్నా. కారుది కారులోనే ఉంది."

"నేను ఇచ్చింది ఇదేనా?"

"మీరిచ్చిందే సంచిలో పెట్టాను."

మా ఆయన పక్కనే ఉన్నారు. చూడలేదు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ నేను చూడలేదని తెలిస్తే ఇంక నేనేమిటి? అప్పట్లో నా దగ్గర ఉన్నదల్లా ఆ ఒక్క మంచిపేరే. నిజానికి ఇంతలా ఆలోచించి అబద్ధం ఆడలేదు. నోటికి వచ్చేసింది. ఆలోచించింది తర్వాత. ఆలోచించాక కూడా మార్చుకోలేదు. నా తప్పు అక్కడుంది.

రామాంజన్న హుక్‌ను మా ఆయన చేతికి ఇచ్చేశారు. "అట్లయితే నేనే తప్పు హుక్కు ఇచ్చుండాను," అన్నారు. తర్వాత బురదలో వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరి, చాసిస్‌కు గొలుసు కట్టి వచ్చారు. ట్రాక్టర్ లాగింది. బండి బయటపడింది. ఆయన చేతులు కడుక్కోవడానికి నేను చెంబుతో నీళ్లు పోశాను. మా ఆయన దూరంగా ఉన్నారు. అప్పుడు తల ఎత్తకుండానే నాతో అన్నారు, "బిగించి చూసినట్టే గుర్తుండాది మ్మా. మా అన్నకు ఇట్లే మొదలాయ. రెండేండ్లకు నన్ను కూడా ఎవరప్పా నువ్వు అనబట్టినాడు."

నేను చెంబు వంచి నీళ్లు పోస్తూనే ఉన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే బేస్‌మెంట్‌కు వెళ్లి కారు డిక్కీ తెరిచాను. స్టెప్నీ పక్కన, కుంకుమ బొట్టుతో, ఆయన ఇచ్చిన హుక్. టవల్‌లో చుట్టి పైకి తెచ్చాను. కారు హుక్‌ను దాని సంచిలో వేశాను. వ్యాన్‌కు మా ఆయన కొత్తది కొన్నారు. పోయిందని ఎవరూ వెతకలేదు, ఎందుకంటే అసలు ఉందనే ఎవరూ అనుకోలేదు.

మా ఆయన చెడ్డవారు కాదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో మెకానిక్ గురించి అడిగితే, "రామాంజన్న మంచివాడే, కానీ ఈ మధ్య మతిమరుపు, బ్రేకుల పని ఇవ్వకండి" అని రాశారు. బాధ్యత అనుకునే రాశారు. నేను అది చదివాను. ఒకరిద్దరు బొటనవేలు గుర్తు పెట్టారు. తర్వాత బళ్లు ఆయన దగ్గరికి వెళ్లడం తగ్గింది. చివరికి ఆయన షెడ్డే మూసేశారు, కానీ అందుకు కాదట. నర్సుగా పనిచేసే వాళ్లమ్మాయి ఒకసారి మార్కెట్‌లో కనబడి చెప్పింది. ఆయన ఒక నట్టు బిగించి, మళ్లీ విప్పి, మళ్లీ బిగించేవారట. రెండుచోట్ల పరీక్షలు చేయించారు. ఏమీ లేదన్నారు. ఆయన నమ్మలేదు. ఎవరి ప్రాణమైనా నా చేతిమీద పోతుందేమో అని పని మానేశారు. నేను, "అయ్యో," అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను.

పోయిన నెల వ్యాన్ అమ్మేద్దామనుకున్నాం. ఒక మధ్యాహ్నం పాప స్కూల్లో ఉండగా టవల్ విప్పి, హుక్ తీసుకుని కిందికి వెళ్లాను. మూత తీసి పెట్టి ఎడమకు తిప్పాను. చివరిదాకా వెళ్లి గట్టిగా కూర్చుంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

గడిచిన ఆదివారం కె.ఆర్.పురం వెళ్లాను. రామాంజన్న ఇంట్లోనే ఉన్నారు. చొక్కా జేబులో చిన్న పుస్తకం. మాట్లాడుతూ మధ్యలో లేచి వెళ్లి, వచ్చి అందులో ఏదో రాసుకున్నారు. నీళ్ల మోటర్ ఆపినాను అని. అలా లేచి వెళ్లి చూసుకోవడం నాకు బాగా తెలుసు. నా భయం తీసుకెళ్లి ఆయనకు పెట్టాను.

హుక్ ఆయన చేతిలో పెట్టి అంతా చెప్పాను. పూజ, ఫోన్, కారు డిక్కీ, బియ్యం డబ్బా. ఏదీ దాచలేదు. ఆయన హుక్‌ను కిటికీ వెలుగులో తిప్పి చూశారు. దాని మరచుట్ల మీద వేలు నడిపారు. నవ్వారు.

"మీరు మంచోళ్లు మ్మా. నన్ను చూసి బాధపడి కొత్తది కొనుక్కోనొచ్చినారు."

"కొత్తది కాదన్నా. మీరిచ్చిందే."

"నేను ఇచ్చింది పాత సామాన్ల బజారుదే కదా. దీనికి చుక్క తుప్పు లేదే!"

నిజమే, లేదు. నాలుగేళ్లు దాన్ని నేనే చూసుకున్నాను. వానాకాలం వస్తే విప్పి తుప్పు గీకి కొబ్బరినూనె రాసేదాన్ని. కుంకుమ ఎప్పుడో తుడిచేశాను. ఎందుకు అంత జాగ్రత్త? పారేయడానికి ధైర్యం లేదు, పాడవనివ్వడానికి మనసు రాలేదు. వ్యాన్ తీసుకొస్తాను, మీ చేత్తో బిగించి చూడండి అన్నాను. "కొత్తదైనా కూర్చుంటాది కదమ్మా," అన్నారు. కాఫీ తాగి వెళ్లమన్నారు. హుక్ నాకే తిరిగి ఇచ్చేశారు, అమ్మేటప్పుడు బండితోపాటు ఇవ్వమని.

ఆయన తిట్టి ఉంటే తీసుకునేదాన్ని. క్షమించానంటే ఏం చేసేదాన్నో తెలియదు. నమ్మరని మాత్రం అనుకోలేదు.

ఇప్పుడు ఆ హుక్ బియ్యం డబ్బా వెనక లేదు. భోజనాల బల్ల మీద, ఈ ల్యాప్‌టాప్ పక్కన ఉంది. పొద్దున మా ఆయన, ఇదేంటి, ఇక్కడెందుకుంది అంటారు. చెబుతాను. గ్రూపులో ఆయన రాసినచోటే నేనూ రాస్తాను. వాళ్లమ్మాయికి చెబుతాను, తను నమ్మితే ఆయన చేత నమ్మించగలదేమో. నమ్మించలేకపోవచ్చు కూడా. నాలుగేళ్ల పని ఆయనకు ఎలాగూ తిరిగి రాదు. అయినా ఈ రాత్రి గ్యాస్ ఒక్కసారే చూసి వచ్చి కూర్చున్నాను. ఇంతసేపూ మళ్లీ లేవలేదు.

రామాంజన్న సరైన హుక్కే ఇచ్చారు. బిగించి చూసే ఇచ్చారు. చూడనిది నేను.